సాయంత్రానికి మాట పెగలకపోవడం: నాకు పనిచేసిన పద్ధతి

పెద్దయ్యాక ఆటిజం నిర్ధారణ అయినవాళ్లు తరచూ అడిగేదే: పగలంతా బాగానే ఉండి సాయంత్రానికి మాట పెగలదు, చిన్న శబ్దానికే ఏడుపొస్తుంది. హెడ్‌ఫోన్లు, త్వరగా పడుకోవడం, శ్వాస వ్యాయామాలు, దేనితోనూ నాకు తగ్గలేదు.

తగ్గించింది అలారం. ఆటిజం ఉన్న నాలాంటి చాలామందికి ఆకలి, దాహం ముదిరేదాకా తెలియవు. నాకు అవే పేరుకుని సాయంత్రానికి మాట ఆగిపోయేది. అందుకే మధ్యాహ్నం అలారం మోగగానే "ఆకలిగా ఉందా?" అని చూసుకోను, నాకు ఎప్పుడూ లేదనే అనిపిస్తుంది. ముందు నీళ్లు తాగుతాను, తర్వాత బాత్రూంకి వెళ్తాను, ఆపైన పొద్దున్నే తీసి పెట్టుకున్నది తింటాను. ఏం తినాలో అప్పుడు ఆలోచిస్తే అక్కడే ఆగిపోతాను, కాబట్టి ఆ పొద్దుటి పని వదలొద్దు. చివర్లో లైటు ఆర్పి కాసేపు మౌనంగా కూర్చుంటాను. ఇది అలక కాదని ఇంట్లోవాళ్లకు ముందే రాసిచ్చాను.

ఇప్పుడు చాలా సాయంత్రాలు మాట్లాడగలుగుతున్నాను. మీకు అసలు ఇబ్బంది శబ్దమో, వెలుతురో అయితే ఇదొక్కటే చాలకపోవచ్చు. మాట రాకపోవడం కొత్తగా మొదలైతే మాత్రం ముందు డాక్టరుకి చూపించండి.