పెద్ద గేముల పక్కన చిన్న గేమును పూర్తి ధరకు అమ్మాలంటే

70 డాలర్ల గేములు వస్తున్నాయి కాబట్టి మనం 5 డాలర్లకు దిగాల్సిందే అని విశాఖలో రుషికొండ, మధురవాడ వైపు గేములు తయారుచేసే చిన్న టీములు లెక్కేసుకుంటుంటాయి. ఆ లెక్క తప్పు. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ 30 శాతం తీసుకుంటుంది. 20 డాలర్ల కాపీ మీద 14 మిగులుతాయి. విడుదల రోజు 10 శాతం డిస్కౌంట్ ఇచ్చినా 12.60. అదే 5 డాలర్లయితే 3.50; అంతే డబ్బు రావాలంటే నాలుగింతల మంది కొనాలి. పైగా చాలా దేశాల్లో పన్ను కూడా ధరలోనే ఉంటుంది. పది గంటల ఆట ఉండి, బొమ్మలకు సొంత తీరు ఉంటే 15–20 మధ్య పెట్టండి. గ్రాఫిక్స్‌లో మాత్రం పెద్దవాళ్లతో పోటీకి వెళ్లొద్దు, డబ్బు అక్కడే ఆవిరవుతుంది.

ధర నిలబడేదీ పడిపోయేదీ మొదటి రెండు గంటల్లోనే. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకపోతే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది. కాబట్టి పొడుగాటి కథా పరిచయం పెట్టి, అసలు ఆటను మూడో గంటకు దాచుకోవద్దు. మీ గేముకే ప్రత్యేకమైన పని ఐదు నిమిషాల్లో ఆటగాడి చేతికి రావాలి. ఊళ్లో గేమింగ్ సెంటర్‌కు వచ్చే కుర్రాళ్ల చేత ఆడించండి, పక్కన కూర్చుని నోరు విప్పొద్దు. మనవాళ్లు మొహమాటానికి 'బాగుందండి' అనేస్తారు, అది పట్టించుకోకండి. ఎన్నో నిమిషంలో ఫోన్ తీశారో అది రాసుకోండి. గ్రాఫిక్స్ కార్డు లేని 8 జీబీ ల్యాప్‌టాప్ మీద కూడా నడిపి చూడాలి.

స్టీమ్‌లో పెట్టే ఒక్కో గేముకు మీరు 100 డాలర్లు కట్టాలి. కట్టాక విడుదలకు 30 రోజులు ఆగాలి. 'త్వరలో' పేజీ విడుదలకు కనీసం 2 వారాల ముందు కనిపించాలన్నది నియమం, కానీ విష్‌లిస్ట్ (తర్వాత కొందామని ఆటగాళ్లు గుర్తుపెట్టుకునే జాబితా) పెరగాలంటే ఆరు నెలల ముందే పెట్టాలి. రాబోయే గేముల డెమోలతో స్టీమ్ జరిపే నెక్స్ట్ ఫెస్ట్‌లో ఒక గేముకు ఒక్కసారే అవకాశం. సగం ఉడికిన డెమోతో దాన్ని వాడేసుకోకండి.

తేదీ విషయంలో మొండితనం పనికిరాదు. ఏళ్లుగా అందరూ ఎదురుచూసిన సిల్క్‌సాంగ్ గేము 2025 సెప్టెంబరు 4న వస్తుందని కేవలం రెండు వారాల ముందు తెలిసింది, దాంతో పోటీ ఎందుకని చాలా చిన్న గేములు వాయిదా పడ్డాయి. అది కూడా చిన్న టీము గేమే, ధర 20 డాలర్లే. విడుదల రెండు వారాల్లోపు ఉంటే తేదీని మీ అంతట మీరు మార్చుకోలేరు, స్టీమ్ వాళ్లను అడగాలి. ఆ గడువుకు ముందురోజే చుట్టూ ఏమేం వస్తున్నాయో మరోసారి చూసుకోండి.

అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం 10కి విడుదలంటే మనకు వేసవిలో రాత్రి 10:30, చలికాలంలో 11:30. ఆ రాత్రంతా బగ్గులు సరిచేసే మనిషి మెలకువగా ఉండాలి. అక్టోబరు, నవంబరులో విడుదలైతే తుపాను సంగతీ చూసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టాక విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. బిల్డ్ (విడుదలకు సిద్ధమైన గేము ఫైళ్లు) వారం ముందే స్టీమ్‌లో ఎక్కించి ఆమోదం తీసుకోండి, కోడ్ ఆన్‌లైన్‌లో ఉంచండి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న ఒకరికి విడుదల బటన్ నొక్కే అనుమతి ఇవ్వండి. వాళ్ల ఫోన్లో స్టీమ్ గార్డ్ (ఖాతాకు భద్రతా కోడ్ ఇచ్చేది) పనిచేస్తోందో లేదో ముందే చూడండి.