కొత్త పైలట్‌కి చక్రాలు ముడుచుకునే విమానం ఎప్పుడు ఇవ్వాలి?

"సార్, నూటయాభై గంటలు దాటాయి, ఇక పెద్ద విమానం ఇవ్వండి." బెంగళూరులో ఎగరడం నేర్చుకునే మన పిల్లలు చాలామంది ఈ మాటతోనే వస్తారు. గంటల లెక్క చూసి విమానం అప్పగించేవాళ్లూ ఉన్నారు. అది తప్పు. శిక్షకుడిగా నేను ఎలా తేలుస్తానో చెబుతాను, నేర్పే మీరూ ఇదే వరసలో చేయండి.

ముందు లాగ్‌బుక్, అంటే ఎగిరిన గంటల పుస్తకం. మొత్తం గంటలు వదిలేసి గత మూడు నెలలే చూడండి. చక్రాలు ముడుచుకోని చిన్న శిక్షణ విమానం సెస్నా 172ని పక్కగాలిలో నీట్‌గా దించలేనివాడి విషయం అక్కడితో ఆపేయండి.

తర్వాత కాగితం, పెన్ను. ఫోన్‌లో యాప్ వద్దు. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తులో ఉంది. 35 డిగ్రీల ఎండలో విమానానికి ఇక్కడి గాలి 6,000 అడుగుల పైన ఉన్నంత పల్చగా ఉంటుంది. బరువైన విమానం ఆ గాలిలో ఎంత రన్‌వే తింటుందో అతను చేత్తో లెక్కకట్టి చెప్పాలి.

మూడోది, నేలమీదే కళ్లు మూయించి కాక్‌పిట్‌లో కూర్చోబెట్టడం. గేరు (చక్రాలు), ఫ్లాప్ (రెక్క వెనక అంచున దిగే పలక), ప్రాపెల్లర్, మిక్స్చర్ (ఇంధనం-గాలి పాళ్లు) లివర్లను తడిమి పట్టుకోవాలి. పవర్ పెంచేటప్పుడు ముందు ప్రాపెల్లర్, తగ్గించేటప్పుడు ముందు త్రోటిల్ (ఇంజిన్ పవర్ లివర్). ఇది ఆలోచించకుండా రావాలి.

అసలు పరీక్ష డౌన్‌విండ్‌లో, అంటే దిగేముందు రన్‌వేకి సమాంతరంగా గాలివాటున ఎగిరే దారిలో. ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి.

పాత విమానపు 90 నాట్ల వేగంలో నిమిషానికి ఒకటిన్నర నాటికల్ మైళ్లు పోతాం, కొత్తదాని 120 నాట్లలో రెండు. ఆ అర మైలే కొత్తవాణ్ని ముంచుతుంది. చెయ్యి పాత వేగంలో కదులుతుంటే విమానం ముందుకెళ్లిపోతుంది. అందుకే నేను "ఇప్పుడేం చేస్తున్నావు?" అని అడగను, "రెండు నిమిషాల తర్వాత ఏం చేస్తుంటావు?" అని అడుగుతాను. జవాబు కోసం తడుముకుంటే అతని మనసు విమానం వెనకాల ఉన్నట్టే.

ఇక ల్యాండింగ్ చెక్‌లిస్ట్ మధ్యలో, సరిగ్గా గేరు దించబోయే క్షణాన, కావాలనే మాట కలపండి. ఇంధనం ఎంతుంది, గాలి ఎటునుంచి వీస్తోంది, ఏదో ఒకటి. యలహంక వైమానిక దళ స్థావరం పక్కనే ఉన్న మా జక్కూరు విమానాశ్రయంలో రేడియో మాటలు ఎలాగూ ఇలాగే అడ్డం పడతాయి. మాట అయ్యాక చెక్‌లిస్ట్ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడా, ఆగినచోటు నుంచి అందుకున్నాడా? ఆగినచోటు నుంచి అందుకుంటే, ఆ రోజు గేరు దిగినా సరే, ఇంకా సిద్ధంగా లేడని రాసుకోండి.

అన్నిటికన్నా మంచి జవాబు "సార్, ఒక్క నిమిషం ఆగండి." పెద్దవాళ్లు మాట్లాడుతుంటే అడ్డు చెప్పకూడదని పెరిగిన మన పిల్లల నోట ఆ మాట అంత సులువుగా రాదు. అందుకే తప్పినవాళ్లకు కిందికి దిగాక విడమరచి చెప్పి, మరో రోజు మళ్లీ అవకాశం ఇవ్వండి.

ఈ పరీక్ష పెట్టే మీకూ హద్దులున్నాయి. సర్క్యూట్‌లో (రన్‌వే చుట్టూ తిరిగే దారిలో) వేరే విమానం ఉంటే వద్దు, వెనక సీట్లో ఎవరైనా ఉంటే వద్దు. గేరు దించలేదని చెప్పే హెచ్చరిక హారన్ మోగకుండా దాని కరెంటు ఆపే సర్క్యూట్ బ్రేకర్ లాగడం ఎప్పుడూ వద్దు. 500 అడుగులకు వచ్చేసరికి చక్రాలు దిగాయని చూపే మూడు పచ్చ దీపాలు వెలగకపోతే నోరు తెరిచి గో-అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం) చెప్పండి. ఇంకో క్షణం చూద్దాం అనుకోకండి.

దిగాక రన్‌వే మీద ఉండగా ఏ లివరూ ముట్టనివ్వకండి. బ్రేకు బాగా పడుతుందని పరుగులోనే ఫ్లాప్స్ ఎత్తమని నేర్పేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా బాంబర్ బీ-17 పైలట్లు దిగిన తర్వాత ఫ్లాప్స్ అనుకుని చక్రాలు ఎత్తేసేవారు. రెండు మీటలూ పక్కపక్కనే ఒకేలా ఉన్నాయని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్ఫాన్స్ చపానిస్ గమనించాడు. గేరు లివర్‌కి చక్రం ఆకారం వచ్చింది ఆ తర్వాతే. ఆకారం మారినా కంగారుపడే చెయ్యి మారలేదు.

చివరగా 200 అడుగుల్లో చెప్పకుండా గో-అరౌండ్ అడగండి. పవర్, ముక్కు, ఒక మెట్టు ఫ్లాప్, పైకి లేస్తున్నామని తేలాకే గేరు.

ఇవన్నీ రెండు వేర్వేరు రోజుల్లో కుదరాలి. అందులో ఒకటి ఎండకు గాలి కుదిపే మధ్యాహ్నం కావాలి. తెల్లవారి నిశ్చలమైన గాలిలో చూసి ఒంటరిగా పంపకండి.