షటర్ నొక్కే ముందు రంగుల జాగ్రత్తలు

జంతువులనూ పక్షులనూ ఫొటో తీసేటప్పుడు, ముందు కెమెరాను రా ఫార్మాట్‌లో (సెన్సార్ పట్టిన సమాచారాన్ని కుదించకుండా దాచే ఫైలు) పెట్టండి.

వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగుకు తగ్గట్టు తెలుపు తెల్లగా కనిపించేలా చేసే సెట్టింగ్) ఆటోలో వదిలేస్తే ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ రంగు మారిపోవచ్చు, అందుకే ఎండలో 5500 కెల్విన్ (వెలుతురు రంగును కొలిచే ప్రమాణం) దగ్గర ఉంచండి. చెట్ల నీడలో అయితే ఆకుల పచ్చదనం జంతువు ఒంటి మీద కూడా పడుతుంది కాబట్టి, జంతువు రాకముందే అదే వెలుతురులో గ్రే కార్డును (తర్వాత రంగులు సరిచూసుకోవడానికి వాడే బూడిద రంగు అట్ట) ఒక ఫొటో తీసి పెట్టుకోవాలి, ఇది మాత్రం అస్సలు మానొద్దు.

హిస్టోగ్రామ్‌లో (ఫొటోలో వెలుగు ఎక్కడ ఎంత ఉందో చూపే గ్రాఫ్) ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులూ విడివిడిగా చూడండి. ఎర్రటి ఈకలైతే మొత్తం గ్రాఫ్ బాగానే కనిపిస్తున్నా, ఎరుపు ఒక్కటే కుడి అంచు దాటిపోయి ఈకల గీతలన్నీ ఒకే ముద్దయిపోవచ్చు.

నెమలి మెడ మీది నీలం ఈక నిర్మాణం వల్ల వచ్చేది, కోణం మారితే ఆకుపచ్చగా మెరుస్తుంది, దాన్ని ఎడిటింగ్‌లో దిద్దకండి.

ఎడిటింగ్‌కి వాడే మానిటర్‌ను క్యాలిబ్రేట్ చేశారా (రంగులు సరిగ్గా చూపేలా సరిదిద్దారా)?