పాత జీపు, సొంత పానా – 4వ పాఠం: ఇరుసుకు ఊపిరి గొట్టం

పోయిన పాఠంలో గ్రీజు గన్ను పట్టుకుని బండి కింద దూరి, క్రాసులకూ కమాన్ పట్టీల షాకిళ్ళకూ గ్రీజు కొట్టమన్నాను. కొట్టే ఉంటారు. అప్పుడు వెనక ఇరుసు గొట్టం పైభాగాన చిటికెన వేలి గోరంత మూత ఒకటి కనబడిందా? వేలితో తిప్పితే వదులుగా గలగలలాడుతుంది. కనబడలేదంటే పాత బురద కింద పూడిపోయి ఉంటుంది. దాన్ని బ్రీదర్ అంటారు. నేను ఈ బండి మీద నేర్చుకున్న వాటిలో ఎక్కువ డబ్బులు పెట్టి నేర్చుకున్నది దీని గురించే కాబట్టి ఈ పాఠమంతా దానికే ఇస్తున్నాను.

నాది మహీంద్రా ఎంఎం 540 జీపు. ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజన్, 2112 సీసీ. కొన్న ఏడాదే వానాకాలంలో హనుమకొండ నుంచి ములుగు, పస్రా మీదుగా తాడ్వాయి దాటి చుట్టాల ఊరికి పోయాను. ఊరి ముందర వాగు. నీళ్ళు మోకాలు దాటవు, అడుగున ఇసుక గట్టిగా ఉంది, నా కళ్ళ ముందే ఎడ్లబండి దాటింది. ఒక్క నిమిషం కూడా ఆగకుండా బండి దింపేశాను. ఫ్యాన్ బెల్టుకు కూడా నీళ్ళు తగల్లేదు. ఆ సాయంత్రమంతా ఆ ముచ్చటే చెప్పుకున్నాను.

దసరా నాటికి యాభై స్పీడు దాటితే చాలు, వెనక సీటు కింద తుమ్మెద దూరినట్టు ఒకటే రొద. ములుగు రోడ్డులో జీపుల మీద చేయి తిరిగిన పెద్ద మిస్త్రీ ఒకాయన ఉండేవాడు. అందరికీ చాచా. ఆయన బండి స్టార్టు కూడా చేయించలేదు.

“నీళ్ళల్ల దించినవా బిడ్డా?”

“ఎప్పుడో వానలప్పుడు, చాచా. మోకాలి లోతు గూడ లేకుండె.”

ఇరుసు నడుమ గేర్లుండే డొల్లను హౌసింగ్ అంటారు. దాని బిరడా విప్పి వేలు పెట్టి బయటికి తీశాడు. వేలి మీద నల్లటి ఆయిల్ ఉండాల్సిన చోట పాలు ఎక్కువైన చాయ రంగులో చిక్కటి ముద్ద.

“ఇది ఆయిల్ గాదు, జున్ను. తినిపోతవా, కట్టుకపోతవా?”

లోపల పీనియన్ అనే చిన్న గేరు బేరింగులు రెండూ పోయాయి. తుప్పు మచ్చలు పడి, రాలిన మేకు తలల్లా ఉన్నాయి. మోకాలి లోతు లేని నీళ్ళు ఇరుసు లోపలికి ఎట్లా పోయాయన్నది మాత్రం ఆయన ఆ రోజు చెప్పలేదు. నేనూ అడగలేదు.

లోతు కాదు, వేడి

గంటన్నర సేపు తారు రోడ్డు మీద తోలిన ఇరుసు మీద చెయ్యి పెట్టి చూడండి, ఎక్కువసేపు ఉంచలేరు. లోపల ఆయిల్‌తో పాటు గాలి కూడా ఉంటుంది, అదీ కాగి ఉంటుంది. అట్లాంటి ఇరుసును చల్లటి వాగులో ముంచితే ఆ గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది.

ఎంత ముడుచుకుంటుందో పదో తరగతి లెక్కతో చూద్దాం. లోపలి గాలి 80 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు దిగిందనుకోండి. కెల్విన్‌లో 353 నుంచి 303. అంటే ఏడో వంతు తగ్గింది. ఇరుసులో రెండు లీటర్ల గాలి ఉందనుకుంటే 280 మిల్లీలీటర్ల దాకా చోటు ఖాళీ అవుతుంది. ఆ చోటు నింపడానికి బయటి నుంచి ఏదో ఒకటి రావాలి. బ్రీదర్ నీళ్ళ పైన ఉంటే గాలి వస్తుంది. నీళ్ళలో మునిగితే నీళ్ళే వస్తాయి.

మరి బ్రీదర్ బురదతో మూసుకుపోయి ఉంటే? అప్పుడు ఇంకా అధ్వాన్నం. లోపల ఒత్తిడి వాతావరణం కంటే ఏడో వంతు పడిపోతుంది, అది దాదాపు మీటరున్నర లోతు నీళ్ళ ఒత్తిడికి సమానం. మీరు దిగింది అర మీటరు లోతులోనే, కానీ ఆయిల్ సీళ్ళ మీద పడే పీల్పు దానికి మూడింతలు. పైగా ఆ సీళ్ళ పెదవి లోపలి ఆయిల్‌ను బయటికి పోనివ్వకుండా ఆపడానికి పెట్టింది. బయటి నీళ్ళను ఆపడం దాని పని కాదు, అటు నుంచి పీలిస్తే పెదవి లేచి దారి ఇస్తుంది.

ఎడ్లబండికి ఈ బాధ లేదు. దాని ఇరుసు కాగదు.

నేను చేసిన తెలివైన పని

బేరింగులు మార్పించుకున్నాక, నీళ్ళు వచ్చేది ఆ బ్రీదర్ నుంచే అని ఎవరో చెబితే విని, దాన్ని ఎం-సీల్ పెట్టి శుభ్రంగా మూసేశాను. ఇప్పటికీ చాలామంది ఇదే చేస్తున్నారు కాబట్టి ఏమైందో చెబుతాను.

ఎండాకాలం వచ్చింది. తోలినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోదామంటే దారి లేదు. చివరికి కుడి వెనక చక్రం సీలును తోసుకుని, ఆయిల్‌ను వెంటబెట్టుకుని బయటపడింది. ఆ ఆయిల్ పోయేది ఎక్కడికో కాదు, బ్రేకు డ్రమ్ములోకే. ములుగు దాటాక ఒక మలుపులో బ్రేకు తొక్కితే బండి ఎడమకు లాగింది. కుడి షూలు నూనెలో నానిన పకోడీల్లా ఉన్నాయి. వాటిని పెట్రోల్‌తో కడిగి వాడుకోవచ్చని చెప్పేవాళ్ళుంటారు, నమ్మకండి. లైనింగ్ లోపలిదాకా పీల్చుకున్న ఆయిల్ కాగినప్పుడల్లా మళ్ళీ పైకి తేలుతుంది. రెండు వైపులా కొత్త షూలు, కొత్త సీలు వేశాను.

ఇరుసు ఊపిరి పీల్చాల్సిందే, వదలాల్సిందే. మనం చేయగలిగింది దాని ముక్కును నీళ్ళకు అందనంత ఎత్తున పెట్టడం.

ముందు ఆయిల్ చూడండి

గొట్టం బిగించే ముందు లోపల ఇప్పటికే జున్ను ఉందో లేదో తెలియాలి. బండిని సమంగా ఉన్న నేల మీద రాత్రంతా ఆపి పెట్టండి. విడిగా ఉన్న నీళ్ళు ఆయిల్ కంటే బరువు కాబట్టి తెల్లారేసరికి అడుక్కి చేరతాయి. జీపు కింద జాకీ లేకుండానే దూరొచ్చు. చక్రాలకు రాళ్ళు పెట్టడం మాత్రం మరవకండి.

ఇప్పుడు ఈ పాఠంలోకెల్లా ముఖ్యమైన మాట. హౌసింగ్‌కు ఆయిల్ పోసే బిరడా ఒకటి నడిమి ఎత్తులో ఉంటుంది, దించే బిరడా అడుగున ఉంటుంది. ముందు పోసేది విప్పాలి. అది ఊడి చేతికి వచ్చాకే అడుగుదాని జోలికి పోవాలి. ఎందుకంటే ముప్పై ఏళ్ళుగా ఎవరూ కదపని బిరడా తుప్పుతో అతుక్కుపోయి ఉండొచ్చు. అడుగుది విప్పి ఆయిలంతా దించేశాక పైది రాలేదనుకోండి, బండి ఇంట్లోనే కూర్చుంటుంది. మిస్త్రీ దగ్గరికి తోలుకుపోదామన్నా ఆయిల్ లేదు. బిరడా మొండికేస్తే ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, పొద్దున సుత్తితో తల మీద నాలుగు దెబ్బలు మెల్లగా వేసి, సరిపోయే పానాతోనే తిప్పండి. కొన్నింటికి తల బదులు నాలుగు పలకల గుంత ఉంటుంది, దానికి ఆ కొలత చదరపు కడ్డీయే కావాలి. పైపు రించితో పట్టి పలకలు అరగదీస్తే తర్వాత వెల్డింగ్ షాపుకే దారి.

పైది విప్పాక చిటికెన వేలు లోపలికి పెట్టి కిందికి వంచండి. రంధ్రం అంచు దాకా ఆయిల్ తగిలితే లెవల్ సరిగ్గా ఉన్నట్టు. బయటికి తీసి ఎండలో చూడండి. నల్లగానో తేనె రంగులోనో ఉండి, గంధకం కంపు కొడుతుంటే మంచిదే, గేర్ ఆయిల్ వాసనే అంత. మబ్బుగా, చాయ రంగుకు తిరిగి ఉంటే నీళ్ళు కలిసినట్టు. రెండు వేళ్ళ మధ్య రుద్దితే మెత్తటి బూడిద రంగు పిండి తగలడం మామూలే, పళ్ళు అరిగిన పొడి అది. గుచ్చుకునే పలుకులు తగిలితే మాత్రం కవర్ విప్పించి చూపించుకోండి.

అనుమానం తీరకపోతే ఇంకో పరీక్ష ఉంది. మూలన పడేసిన పాత పెనం ఒకటి ఆరుబయట బాగా వేడి చేసి, దూరం నుంచే ఒక్క చుక్క ఆయిల్ వేయండి. కళ్ళద్దాలు పెట్టుకోండి. ఊరికే పరుచుకుని పొగ వస్తే నీళ్ళు లేవు. పోపులో ఆవాల్లా చిటపటలాడితే ఉన్నాయి. వంటింటి పెనం తీశారంటే తర్వాత జరిగేదానికి నా పూచీ లేదు.

నీళ్ళున్నాయని తేలితే అడుగు బిరడాను పూర్తిగా విప్పకుండా రెండు మరలు మాత్రం వదులు చేయండి. రాత్రంతా కిందికి దిగిన నీళ్ళు ముందుగా కారతాయి. ఆ తర్వాత మొత్తం దించండి. కొన్ని ఇరుసులకు అడుగు బిరడాయే ఉండదు, వెనక కవర్ విప్పాలి. అప్పుడు కింది బోల్టులు ముందు తీసి, పైన రెండింటిని వదులుగా ఉంచి, కవర్‌ను కింది నుంచి కదపండి. రెండూ ముందే తీసేస్తే కవరూ ఆయిలూ కలిసి మీ ఛాతీ మీదికి వస్తాయి.

కిరోసిన్ పోసి కడగడం మన దగ్గర అలవాటు. నాకది నచ్చదు. గొట్టాల మూలల్లో మిగిలిన కిరోసిన్ కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది. దాని బదులు తక్కువ ధర ఈపీ 90 గేర్ ఆయిల్ పోసి, నాలుగైదు కిలోమీటర్లు నెమ్మదిగా తోలి, వేడి మీదే దించి, అప్పుడు అసలు ఆయిల్ పోయండి. డిఫరెన్షియల్‌కు, అంటే ఈ ఇరుసు గేర్లకు, ఈపీ 90 గానీ 80డబ్ల్యూ-90 గానీ, బండి పుస్తకంలో ఏ గ్రేడు రాసి ఉంటే అది. గేర్‌బాక్సుకూ అదే డబ్బా ఒంచకండి, ఇత్తడి రింగులున్న గేర్‌బాక్సుకు కొన్ని రకాల ఆయిల్ పడదు. దించిన పాత ఆయిల్‌ను మోరీలో పోయొద్దు, డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్ళకు ఇవ్వండి.

గొట్టం

చుట్టూ ఉన్న బురదను ముందు వైరు బ్రష్షుతో గీకి, తడిగుడ్డతో తుడవండి. అప్పుడే బ్రీదర్ విప్పాలి, లేకపోతే ఆ మట్టంతా లోపలికే. విప్పిన రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కి, బ్రీదర్‌ను జేబులో వేసుకుని హైడ్రాలిక్ పైపుల షాపుకు పోండి. అదే మరకు సరిపడే, గొట్టం తొడిగే మొన ఉన్న నిపుల్ కావాలని అడగండి. కొలత చెప్పి తెచ్చుకుంటే రెండుసార్లు తిరగాల్సి వస్తుంది, నేను తిరిగాను. రంధ్రాన్ని అక్కడికక్కడే డ్రిల్లుతో పెద్దది చేయడం మాత్రం వద్దు, ఇనుప రజను క్రౌను అనే లోపలి పెద్ద గేరు పళ్ళ మధ్యకు పోతుంది.

గొట్టం డీజిల్ పైపే తీసుకోండి, లోపలి కొలత 6 మిల్లీమీటర్లు చాలు. అక్వేరియానికి వాడే ప్లాస్టిక్ గొట్టం ఆయిల్ ఆవిరికి ఏడాదిలో ఎండి పెళుసైపోతుంది.

పొడవు కొలిచేది బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు కాదు. ఛాసిస్‌ను జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపి, ఇరుసును పూర్తిగా కిందికి వేలాడనిచ్చి అప్పుడు కొలవాలి. గుంతలో చక్రం దిగినప్పుడు ఇరుసు అంతే దిగుతుంది. గొట్టం పొట్టిగా ఉంటే నిపుల్ నుంచి ఊడివస్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. కింద దూరేటప్పుడు స్టాండ్లు ఉన్నాయా లేదా మళ్ళీ ఒకసారి చూసుకోండి. నా దగ్గర స్టాండ్లు లేని రోజుల్లో పాత రైలు పట్టాల చెక్క దిమ్మెలు పెట్టేవాణ్ణి. ఇటుకలు మాత్రం ఎప్పుడూ పెట్టలేదు, అవి చెప్పకుండా పగులుతాయి.

ముందు ఇరుసు గొట్టాన్ని ఇంజన్ గదిలోకి, డ్రైవరు ముందున్న ఇనుప గోడ పైఅంచు దాకా తీసుకుపోండి. వెనకదాన్ని బాడీ లోపల వెనక లైటు పక్కకు. దారిలో సైలెన్సరుకు జానెడు దూరం ఉండాలి. బ్రేకు గొట్టానికి కట్టకండి, ఒకటి రాపిడికి తెగితే రెండోదాన్నీ తీసుకుపోతుంది. ఎక్కడా కిందికి ఉయ్యాలలా జారకుండా మొదటి నుంచి చివరిదాకా ఎక్కుతూనే పోవాలి. ఉయ్యాల ఉంటే అందులో చేరిన చుక్క ఆయిలే బిరడా అవుతుంది. చివరన బైకుకు వేసే చిన్న పెట్రోల్ ఫిల్టరు తొడిగి, మూతి కిందికి తిప్పి కట్టండి. దుమ్ము రాదు, గాలి ఆడుతుంది.

ఇంజనో బాడీయో మార్చితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్‌టీఏ అనుమతి కావాలి. ఆర్‌సీలో రాసిన ఏ వివరమూ ఈ గొట్టంతో మారదు.

చివరి పరీక్ష నోటితోనే. ఫిల్టరు తీసి గొట్టంలోకి మెల్లగా ఊదండి. పోసే బిరడా విప్పి ఉంటే అక్కడ గాలి బయటికి రావాలి. బిరడా బిగించి, సీళ్ళ చుట్టూ సబ్బు నీళ్ళు పూసి మళ్ళీ ఊదితే బుడగలు వచ్చిన చోట సీలు అరిగినట్టు. టైరు షాపు కంప్రెసర్ గాలి పెట్టకండి, బాగున్న సీలును కూడా అది తోసేస్తుంది.

ఒక సంగతి. ఇదంతా మన దారిలో తప్పనిసరిగా వచ్చే చిన్న వాగుల కోసం. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది. జంపన్న వాగు, మోరంచ వాగు ఊళ్ళనే ముంచాయి. అట్లాంటి నీళ్ళ ముందు ఏ గొట్టమూ లెక్కలోది కాదు, బండి ఆపి వెనక్కి తిప్పడమే. చిన్న వాగుకైనా ఒడ్డున పావుగంట ఆగి, ఇరుసు కొంచెం చల్లారాక దిగండి. దాటాక ఎడమ కాలితో బ్రేకు తేలిగ్గా నొక్కి పట్టి రెండు మూడు వందల గజాలు తోలితే డ్రమ్ములు ఆరతాయి.

వచ్చే పాఠం ముందు చక్రాల బేరింగులు. దానికి ముందు ఇంటి పని: ముందు చక్రాలు ఒక్కొక్కటిగా లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. టక్ టక్ మంటే ఏ వైపు అన్నది సుద్దముక్కతో టైరు మీద రాసి పెట్టుకోండి. గ్రీజు డబ్బా ఇప్పుడే కొనకండి, ఏది కొనాలో అప్పుడు చెబుతాను.