మినీ యూపీఎస్ ఉన్నా నెట్ ఎందుకు పోతోంది?

రౌటరుకు బ్యాటరీ పెట్టించాం, అయినా కరెంటు పోతే నెట్ పోతోందని అడిగిన ప్రతివారినీ నేను ఎదురు అడిగేది ఒకటే: ఇంటి మెయిన్ దించి చూశారా? చూసి ఉండరు. నేరుగా బెజవాడ గవర్నరుపేట వెళ్లి ఇంకో యూపీఎస్ కొనుక్కొస్తారు. పట్టపగలు, తీరిక ఉన్నప్పుడు, మెయిన్ దించి రౌటరు ముందు రెండు నిమిషాలు నిలబడండి. ఏ దీపం ఆరిందో, ఏది ఎర్రబడిందో చూస్తే సగం సంగతి అక్కడే తేలిపోతుంది. రోహిణి కార్తె ఎండలూ గాలివానలూ రాకముందే ఈ పని ముగించండి. రాత్రి పూట ఫోను వెలుతురులో వైర్లు వెతుక్కోవడం దండగ శ్రమ.

ఫోనులో వైఫై ఉంది, నెట్ లేదు

రౌటరు బాగానే ఉంది, దానికి నెట్ అందించే పెట్టె ఆరిపోయింది. చాలా ఇళ్లలో రెండు పెట్టెలుంటాయి: ఫైబర్ తీగ వచ్చి చేరే ఓఎన్‌టీ ఒకటి, వైఫై ఇచ్చే రౌటరు ఒకటి. యూపీఎస్‌ను రౌటరుకు మాత్రమే తగిలించి, ఓఎన్‌టీని గోడ ప్లగ్గుకే వదిలేస్తారు. రెండూ 12 వోల్టులవే అయితే రెండు అవుట్‌పుట్‌లున్న యూపీఎస్ సరిపోతుంది. ఒకటి 12, ఇంకొకటి 9 అయితే, 9 వోల్టుల అవుట్‌పుట్ విడిగా ఉన్నదే తీసుకోవాలి. పిన్ను పట్టింది కదా అని 9 వోల్టుల పెట్టెకు 12 ఇవ్వకండి.

మెయిన్ దించినప్పుడు నెట్ నడిచి, నిజంగా కరెంటు పోయినప్పుడు మాత్రం ఆగిపోతోందంటే లోపం మీ ఇంట్లో లేదు. ఫైబర్ దారిలో ఒక తీగను చాలా ఇళ్లకు పంచే స్ప్లిటరుకు కరెంటు అక్కర్లేదు కానీ, ఆపరేటరు దగ్గర ఉండి ఫైబర్‌లోకి నెట్ పంపే ఓఎల్‌టీ అనే యంత్రానికి కావాలి. అది ఆగితే మీ ఓఎన్‌టీ మీద సిగ్నల్ అందడం లేదని చెప్పే ఎల్‌ఓఎస్ దీపం ఎర్రబడుతుంది. కొన్ని అపార్ట్‌మెంట్లలో ఫైబర్ మెట్ల దగ్గరి పెట్టె దాకానే వస్తుంది, అక్కడి నెట్‌వర్క్ స్విచ్ (నెట్‌ను పంచే పెట్టె) నుంచి ఫ్లాట్లకు లాన్ తీగలు వెళతాయి. ఆ స్విచ్ కామన్ మీటరు మీద ఉంటే దానితో పాటే ఆరిపోతుంది. దాన్ని జనరేటరు లైనులోకి మార్చమని అసోసియేషన్ వారిని అడగండి. మీ ఇంట్లో ఎంత ఖర్చుపెట్టినా ఇది తీరదు.

ఇన్వర్టరు ఉన్నా రౌటరు ఆరిపోతోంది

ఇన్వర్టరు లైను లైట్లకూ ఫ్యాన్లకూ లాగి, ప్లగ్గు పాయింట్లను వదిలేయడం మామూలే. రౌటరు ఉన్న పాయింటు ఆ లైను మీద ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఆరిపోయి వెంటనే మళ్లీ మొదలవుతోందంటే ఇన్వర్టరు మీద యూపీఎస్ మోడ్ మీట ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో బ్యాటరీ మీదకు మారడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది. ఫ్యానుకు అది తెలియదు, రౌటరుకు తెలుస్తుంది.

కరెంటు ఉన్నంతసేపూ బాగుంది, రెండో కోతకు చేతులెత్తేసింది

నన్ను ఎక్కువగా తిప్పించింది ఇదే. కొత్త యూపీఎస్ మొదటిరోజు మూడు గంటలు నడుస్తుంది. వారం తిరక్కముందే అరగంటకు పడిపోతుంది. కొందరి ఇళ్లలో ఇంకా విచిత్రం: కరెంటు లేనంతసేపూ నెట్ నిక్షేపంగా ఉంటుంది, కరెంటు వచ్చిన తర్వాత రౌటరు పదేపదే రీస్టార్ట్ అవుతుంది. అందరూ బ్యాటరీనే తిట్టి, దుకాణంలో మార్చి తెచ్చుకుంటారు. కొత్తదీ అంతే చేస్తుంది.

అసలు దోషి అడాప్టరు. చాలా మినీ యూపీఎస్‌లు అడాప్టరు లేకుండా వస్తాయి, రౌటరుతో వచ్చినదాన్నే గుచ్చుకోమంటారు. దాని మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటుంది. అంటే 12 వాట్లు. రౌటరు 8 వాట్లు తీసుకుంటే బ్యాటరీ నింపడానికి మిగిలేది 4. ఇక బ్యాటరీ సంగతి: పెట్టె మీద 8800 ఎంఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యం, అంటే 8.8 ఆంపియర్ అవర్లు) అని ఉంటే అది 3.7 వోల్టుల సెల్ లెక్క. 8.8ను 3.7తో గుణిస్తే సుమారు 32 వాట్ అవర్లు. 12తో గుణించి పదమూడు గంటలు వస్తుందని చెప్పే దుకాణదారును నమ్మకండి. మార్పిడిలో పోయేది తీసేస్తే 8 వాట్ల రౌటరుకు మూడున్నర గంటలు దక్కితే గొప్ప. ఆ 32 నిండడానికి 4 వాట్ల చొప్పున 8 గంటలు దాటుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కరెంటు పోయే రోజుల్లో రెండో కోత వేళకు అది నిండి ఉండదు. మొదటిరోజు నడిచిందంటే అంతకుముందు రౌటరు తగిలించకుండా ఛార్జి చేశారు కాబట్టి.

రీస్టార్టులకూ కారణం ఇదే. ఖాళీ అయిన బ్యాటరీ కరెంటు రాగానే గట్టిగా లాగుతుంది, రౌటరు తన వాటా తాను అడుగుతుంది, అడాప్టరు వోల్టేజి కుంగిపోతుంది. బ్యాటరీ కొంత నిండాక లాగడం తగ్గి అంతా సర్దుకుంటుంది. మెకానిక్ వచ్చేసరికి ఏ లోపమూ కనిపించదు! అడాప్టరును ఊడదీసి మల్టీమీటరు పెడితే 12 వోల్టులు బుద్ధిగా చూపిస్తుంది. లోడు మీద పడినప్పుడు కొలిస్తేనే దాని బండారం తెలిసేది.

మీటరు లేకపోయినా తేల్చుకోవచ్చు. రౌటరును పాత పద్ధతిలో మరో అడాప్టరు మీద నడుపుతూ యూపీఎస్‌ను ఒంటరిగా రాత్రంతా ఛార్జి చేయండి. పొద్దున రౌటరు తగిలించి మెయిన్ దించండి. మూడు గంటలు లాగిందా, బ్యాటరీకి ఏ జబ్బూ లేదు. యూపీఎస్ ఇన్‌పుట్ 12 వోల్టులైతే 2 ఆంపియర్ల అడాప్టరు కొనండి, రెండు పెట్టెలు నడుపుతుంటే 3 ఆంపియర్లది. ఆంపియర్లు ఎక్కువైతే రౌటరు కాలిపోతుందన్న భయం వద్దు, అది తనకు కావలసినంతే తీసుకుంటుంది. కచ్చితంగా కలవాల్సింది వోల్టేజి, పిన్ను ధ్రువాల (ప్లస్, మైనస్) గుర్తు.

తీగ కదిపితే ఆరిపోతోంది

పిన్ను కొలత తేడా. బయట 5.5 మిల్లీమీటర్లు ఒకటే అయినా లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు రకాలు. 2.1 సూదికి 2.5 పిన్ను దూరుతుంది కానీ పట్టుకోదు. సరైన పిన్ను మార్చండి, టేపు చుట్టకండి.

మిగిలినవి

రౌటరు సాఫ్ట్‌వేరు, ఛానెల్ మార్చడం, యాంటెన్నా తిప్పడం: కరెంటు కోతతో వీటికి సంబంధం లేదు, వదిలేయండి. యూపీఎస్ ఉబ్బితే మాత్రం ఆలోచించకుండా ప్లగ్గు తీసేసి, ఇంట్లోంచి బయటపెట్టి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి. యూపీఎస్‌ను టీవీ వెనక, మూసిన చెక్క పెట్టెలో పెట్టకండి. మే నెల బెజవాడ వేడికి లిథియం సెల్ తొందరగా ముసలిదవుతుంది.