ఇంట్లో సినిమా క్విజ్ పెట్టాలంటే

పండక్కి అందరం చేరితే మా ఇంట్లో క్విజ్ బాధ్యత నాదే. 'మాయాబజార్'తో మొదలుపెడతాను. విడుదల 1957, దర్శకుడు కె.వి.రెడ్డి, ఇలాంటివి ఒకటి రెండు చాలు. ఎవరో టక్కున చెప్పేస్తే ఆట అక్కడితో అయిపోతుంది.

సినిమా చూసినవాళ్ళే ఆగి ఆలోచించే ప్రశ్న అడగండి. ఇందులో పాండవులు ఏ సీన్‌లో కనిపిస్తారు? పెద్దవాళ్ళు కూడా తడబడతారు. అసలు కనిపించరు!

తర్వాత 'అహ నా పెళ్ళియంట' వేయండి. మొదట సౌండ్ తీసేసి సావిత్రి భుజాలు, కనుబొమలు, నడక చూడమనండి. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని ఆవిడ ఒళ్ళే చెప్పేస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. అప్పుడు సౌండ్ పెట్టండి. సుశీల పాటలో ఘంటసాల గొంతు ఎక్కడ దూరిందో ముందు పట్టుకున్న జట్టుకి మార్కు.

జట్టుకో అమ్మమ్మో తాతయ్యో ఉండాలి, పిల్లలూ ఉండాలి. షూటింగ్ కబుర్లు మాత్రం ప్రశ్నలుగా పెట్టకండి, వాటిలో చాలావరకు ఎవరో అల్లినవే. జవాబు చెప్పగానే ఆ సీన్ చూపించాలి. అందుకని టైమ్ ముందే ఫోన్‌లో రాసిపెట్టుకోండి, లేకపోతే వెతికేలోపు సగంమంది వంటింట్లోకి వెళ్ళిపోతారు.