రక్తం ఎక్కించుకునే పిల్లలకు ఇంట్లో చదువు చెప్పడం ఎలా?

తలసీమియా అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాక, మళ్ళీ మళ్ళీ రక్తం ఎక్కించుకోవాల్సి వచ్చే జబ్బు. అది ఉన్న పిల్లల్లో చాలామంది బడికే వెళ్తారు, వెళ్ళాలి కూడా. మీ వాడు వెళ్ళగలిగితే ఇది చదవడం ఇక్కడితో ఆపేయండి. రక్తానికోసారి, పరీక్షలకోసారి, జ్వరం తగిలితే ఇంకోసారి ఆసుపత్రికి తిరిగీ తిరిగీ హాజరు పడిపోయి, బడివాళ్ళు ‘టీసీ తీసుకెళ్ళండి’ అన్న ఇళ్ళ కోసం ఇది రాస్తున్నా. మా ఇంట్లో అదే జరిగింది. తర్వాత వార్డులో పరిచయమైన అమ్మలు ఒక్కొక్కరే అడగడం, నేను వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూడడం మొదలైంది. మలక్‌పేట నుంచి మియాపూర్ దాకా ఎక్కడికి వెళ్ళినా కనిపించేది ఒకటే: గోడకు అతికించిన బడి టైంటేబుల్. తొమ్మిదిన్నరకు గణితం, పదింబావుకు సైన్స్. ప్రేయర్ ఒక్కటే తక్కువ.

ముందు సామాను సంగతి తేల్చేద్దాం. తెల్ల బోర్డు వద్దు, బెంచీ వద్దు, ఏడాది ఫీజు ముందే గుంజే కోచింగ్ యాప్ అసలే వద్దు. రూళ్ళ నోటుబుక్కులు, పెన్సిళ్ళు, ఒళ్ళో పెట్టుకునే అట్ట, గోడకు ఒక క్యాలెండర్ చాలు. పాఠ్యపుస్తకాలు తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కాగితం మీద కావాలంటే కోఠిలో పాతవి చవకగా వస్తాయి. గైడ్లు మాత్రం కొనకండి. గైడు చదివే పిల్లాడు జవాబు నేర్చుకుంటాడు, పాఠం నేర్చుకోడు. నేను పెన్సిల్ మీదే ఎందుకు పట్టుబడతానో కింద చెప్తా.

కాగితాల పని అనుకున్నంత పెద్దది కాదు. ఇంట్లో చదివించడానికి మన దేశంలో ప్రత్యేకంగా రిజిస్ట్రేషన్ అంటూ ఏమీ లేదు. చిన్న తరగతులకు ఎన్‌ఐఓఎస్ (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్) వాళ్ళ ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ ఉంది. అందులో ఏ, బీ, సీ లెవల్స్ మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానం. పద్నాలుగేళ్ళు నిండాక పదో తరగతికి ఎన్‌ఐఓఎస్‌లోనో, తెలంగాణ ఓపెన్ స్కూల్‌లోనో చేర్పించవచ్చు. నా ఓటు ఎన్‌ఐఓఎస్‌కే. అయిదు సబ్జెక్టులూ ఒకేసారి రాయాలన్న బలవంతం లేదు. అయిదేళ్ళలో తొమ్మిది అవకాశాలు ఇస్తారు, పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది. మన పిల్లలకు ఇంతకన్నా మంచి ఏర్పాటు నేను చూడలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో తలసీమియా కూడా ఉంది కాబట్టి యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డుకు ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. పరీక్షల ముందు పరుగెత్తితే పని కాదు.

ఇక క్యాలెండర్. మీ ఇంట్లో సోమవారం, ఆదివారం అనేవి మర్చిపోండి. చదువు లెక్క రక్తం ఎక్కించిన మర్నాటి నుంచి మొదలై మళ్ళీ రక్తం ఎక్కించే రోజుతో ముగుస్తుంది. కొందరికి అది రెండు వారాలు, కొందరికి నాలుగు. మామూలుగా హిమోగ్లోబిన్ తొమ్మిది, పదిన్నర మధ్యకు దిగేసరికి మళ్ళీ ఎక్కిస్తారు. ఆ దిగడమే మన టైంటేబుల్. మొదటి సగంలో కొత్త పాఠాలు, లెక్కలు, వ్యాకరణం, ఏది కష్టమైతే అది పెట్టుకోండి. రెండో సగంలో చేసినవే మళ్ళీ చేయించండి. చివరి నాలుగైదు రోజులు పటాలు గీయడం, మీరు చదువుతుంటే వాడు వినడం, అంతే. ఆ రోజుల్లో భిన్నాలు మొదలుపెట్టిన ఇల్లు ఒకటి చూశాను. తల్లీ కొడుకులిద్దరూ ఏడుస్తున్నారు. రక్తం ఎక్కించిన రెండు రోజులకు అవే భిన్నాలు వాడు నవ్వుతూ చేశాడు.

ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో పేరుకునే ఐరన్ తగ్గే మందు పరగడుపున నీళ్ళలో కలుపుకుని తాగే పిల్లలు అరగంట దాకా ఏమీ తినకూడదు కదా, ఆ అరగంట ఎక్కాలకు, పద్యాలకు వాడుకోండి. వాడి ధ్యాస ఆకలి మీదికి పోదు, మీరూ వంటింట్లోంచే అప్పజెప్పించుకోవచ్చు.

అసలు చిక్కు ఇప్పుడు చెప్పబోయే దాంట్లో ఉంది. అందరూ చెడగొట్టేది కూడా ఇక్కడే. క్యాలెండర్ ఎంత బాగా వేసుకున్నా, ఈ రోజు వాడికి ఓపిక ఉందా, లేక ఎగ్గొట్టే వేషం వేస్తున్నాడా అన్నది పొద్దున్నే మీరే తేల్చాలి. రెండింట్లో ఏది తప్పుగా అనుకున్నా నష్టమే. ఓపిక లేనివాణ్ణి కూర్చోబెడితే పుస్తకమంటేనే అసహ్యం పుడుతుంది. వేషం వేసేవాణ్ణి వదిలేస్తే నెల తిరిగేసరికి జబ్బు పేరు చెప్పి బతకడం అలవాటవుతుంది.

“ఎట్లుంది నాన్నా?” అని అడగకండి. ఈ పిల్లలు అమ్మ మొహం చదివి జవాబు చెప్తారు. మీరు దిగులుగా ఉంటే “బాగానే ఉందమ్మా” అంటారు, కోపంగా ఉంటే “తల తిరుగుతుంది” అంటారు. “చదువుదామా?” అని అసలే అడగకండి, ఏ పిల్లాడైనా వద్దనే అంటాడు. ఏమీ అడక్కుండా నాలుగు వాక్యాలు డిక్టేషన్ ఇవ్వండి. రోజూ అదే వేళకు, అదే చోట, వాడికి ముందే వచ్చిన మాటలతో. పెన్సిల్ అన్నది అందుకే, ఫోన్‌లో టైప్ చేస్తే ఇది తెలియదు. ఒంట్లో సత్తువ లేని రోజు అక్షరాలు రూళ్ళు దాటి కిందికి జారుతాయి. తలకట్లు ఎగిరిపోతాయి, ఒత్తులు పై అక్షరానికి దూరంగా ఎక్కడో పడతాయి. మూడో వాక్యానికి వచ్చేసరికి పెన్సిల్ గీత పలచబడుతుంది. వేషం వేసే రోజు గీత గట్టిగానే ఉంటుంది, తప్పులు మాత్రం కావాలని చేసినట్టు తెలుస్తాయి. నెల రోజుల నోటుబుక్కు ముందేసుకుని తిరగేస్తే ఏ రోజు రక్తం ఎక్కిందో చేతిరాతే చెప్తుంది.

“చదువుకు ఓపిక లేదంటాడు, ఫోన్ మాత్రం చూస్తాడు” అని నాన్నలు అంటుంటారు. ఫోన్‌ను గీటురాయిగా పెట్టుకోకండి. పడుకుని బొమ్మలు చూడటానికి ఏ ఓపికా అక్కర్లేదు. ఆటను చూడండి. కింద సెల్లార్లో పిల్లలు క్రికెట్ ఆడుతూ కేకేసినా లేవలేదంటే వాడు నిజంగానే అలసిపోయాడు. ఒక అంతస్తు మెట్లెక్కి ఆగి ఊపిరి తీసుకుంటే ఆ రోజుకు పుస్తకాలు కట్టేయండి, డాక్టరు దగ్గర ఆ మాట చెప్పండి కూడా.

రెండు విషయాల్లో మాత్రం చదువు ఊసే ఎత్తొద్దు. ఒకటి జ్వరం. ‘ఈ రోజు బాగోలేదులే, పడుకోనీ’ అని వదిలేయడానికి వీల్లేదు. ప్లీహం (స్ప్లీన్) తీసేసిన పిల్లలైనా, ఐరన్ తగ్గడానికి డెఫెరిప్రోన్ మందు వాడే పిల్లలైనా జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికే వెళ్ళి రక్తపరీక్ష చేయించాలి. ఇంకొకటి వినికిడి. డిక్టేషన్‌లో ఒకే రకం మాటలు పదేపదే తప్పు వింటుంటే ధ్యాస లేదని మొట్టికాయ వేయకండి. ఐరన్ తగ్గించే కొన్ని మందులు చెవినీ, కంటినీ దెబ్బతీయవచ్చు. అందుకే ఏటా ఆ పరీక్షలు చేయిస్తారు. ఈసారివి అయ్యాయో లేదో ఫైలు తీసి చూడండి.

పోయిన పాఠాన్ని మర్నాటికి ఎక్కించొద్దు. అది సిలబస్ చివరికి వెళ్ళాలి. ‘నిన్నటిది కూడా ఈ రోజే’ అనే ఇళ్ళలో పిల్లలు జబ్బుపడటానికి భయపడతారు, ఒంట్లో బాగోలేకపోయినా దాస్తారు. అంతకన్నా ప్రమాదం లేదు.

రక్తం ఎక్కించే రోజు సెలవే. పక్క మంచం మీద ల్యాప్‌టాప్‌లో క్లాసు వినిపించే తల్లులను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ముందు ఏవిల్ (అలర్జీ మందు) ఇస్తే పిల్లలకు నిద్ర ముంచుకొస్తుంది, ఒక చేతికి సూది ఉంటుంది, ఆ నిద్రలో వాడికి ఏం ఎక్కుతుంది? మర్నాడు రాయాల్సి ఉంటే సూది ఎడమ చేతికి వేయమని సిస్టర్‌ను ముందే అడగండి. కుదిరితే వేస్తారు. అక్కడ నేను చేయనిచ్చేది ఒక్కటే: కథలు చెప్పుకోవడం. శివరాంపల్లిలో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ లాంటి చోట చుట్టూ తనలాంటి పిల్లలే ఉంటారు. ఇంట్లో చదివే పిల్లాడికి దొరకనిది అదే, తోటివాళ్ళు. మాట్లాడుకోనివ్వండి.

మా అత్తమ్మలాంటి పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. “ప్రాణం బాగుంటే చాలు, చదువుదేముంది బిడ్డా” అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ వాళ్ళు చూసిన కాలం వేరు. సరిగ్గా రక్తం ఎక్కించుకుని, ఐరన్ మందు మానకుండా వాడే పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళవుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు. రేపు వాడు ఆఫీసులో సెలవు చీటీ రాసుకోవద్దా? అత్తమ్మతో వాదన పెట్టుకోకుండా పద్యాలు అప్పజెప్పించుకునే పని ఆమెకే ఇవ్వండి. మా ఇంట్లో అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

పరీక్షల దగ్గర ఒక్క జాగ్రత్త. ఎన్‌ఐఓఎస్ పరీక్షల తేదీలు రాగానే డాక్టరును కలిసి, మొదటి పేపరుకు రెండు మూడు రోజుల ముందు రక్తం పడేలా తేదీ సర్దమని అడగండి. పేపర్లు వారాల తరబడి సాగుతాయి కాబట్టి లెక్కలు, సైన్స్ ఆ మంచి రోజుల్లో పడితే రాయించండి, చివరి వారంలో పడిన సబ్జెక్టును తర్వాతి విడతకు వదిలేయండి. ఏప్రిల్–మే విడత రాసేటట్టయితే ఇంకో చిక్కు ఉంది. ఎండాకాలం కాలేజీలు మూసేస్తారు, రక్తదాన శిబిరాలు తగ్గిపోతాయి, బ్లడ్ బ్యాంకులో సరైన గ్రూపు కోసం కాళ్ళు అరిగేలా తిరగాలి. మార్చిలోనే చుట్టాల్లో, అపార్ట్‌మెంట్లో ఇద్దరు ముగ్గురు దాతలను మాట్లాడి పెట్టుకోండి. అంత తిప్పలు పడలేమనుకుంటే అక్టోబర్–నవంబర్ విడతకే ఫీజు కట్టండి. నేనైతే అదే కట్టిస్తాను.